తిమ్మరుసు కథ – రాజుకు తండ్రిలాంటి మంత్రి



మనం చాలామంది రాజుల కథలు విన్నాం. రాజు గెలిచాడు, రాజు గుడి కట్టించాడు, రాజు దానం చేశాడు అని వింటాం. రాజు పక్కన నిలబడి ఆలోచన చెప్పినవాళ్ళ కథలు తక్కువగా వింటాం. ఈ పాఠంలో అలాంటి ఒక మంత్రి కథ చదువుదాం. ఆయన పేరు సాళువ తిమ్మరుసు. శ్రీకృష్ణదేవరాయలు ఆయనను 'అప్పాజీ' అని పిలిచేవాడు. అప్ప అంటే తండ్రి. మన వైపు కూడా కొందరు నాయనను అప్పా అనే పిలుస్తారు గదా!

ఈ కథలో యుద్ధం ఉంది. తెలివి ఉంది. చివర ఒక పెద్ద అన్యాయం కూడా ఉంది. నిదానంగా చదవండి. అర్థం కాని చోట ఆగండి. పక్కనున్న వాళ్ళతో మాట్లాడండి.

1. చంద్రగిరి కోట

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో 12 కిలోమీటర్ల దూరాన చంద్రగిరి ఉంది. అక్కడ కొండ కింద పాత కోట ఉంది. కోటలో రాజమహలు, రాణిమహలు ఉన్నాయి. రాజమహలు మూడంతస్తులది. రాయి, ఇటుక, సున్నంతో కట్టినది. ఇప్పుడు అందులో పాత విగ్రహాలు, పాత వస్తువులు పెట్టి చూపిస్తున్నారు. మీలో కొందరు చూసే ఉంటారు.

ఈ చంద్రగిరిని ఏలినవాడు సాళువ నరసింహుడు. ఆయన 1485లో విజయనగరానికి రాజయ్యాడు. విజయనగరం అంటే ఇప్పటి హంపి. అది కర్ణాటకలో ఉంది. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఊరి నుంచే అప్పట్లో మన సీమను కూడా పాలించేవారు. చంద్రగిరి, పెనుకొండ, ఉదయగిరి లాంటి కోటలు ఆ రాజ్యానికి కాపలా కోటలు.

సాళువ నరసింహుడి తర్వాత అధికారం ఆయన సేనాపతి తుళువ నరసనాయకుడి చేతికి వచ్చింది. నరసనాయకుడు 1503లో చనిపోయాడు. తర్వాత ఆయన పెద్దకొడుకు వీరనరసింహరాయలు పెత్తనానికి వచ్చాడు. ఆ వీరనరసింహుడి దగ్గర తిమ్మరుసు మంత్రి. వీరనరసింహుడికి ఒక తమ్ముడు ఉన్నాడు. ఆ తమ్ముడే మన కృష్ణదేవరాయలు.

2. మేక కళ్ళు

1509లో వీరనరసింహరాయలికి జబ్బు చేసింది. బతకనని తెలిసిపోయింది. ఆయనకు ఎనిమిదేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ పసివాడే రాజు కావాలని తండ్రి కోరిక. కానీ ఇరవై ఏళ్ళు దాటిన తమ్ముడు పక్కనే ఉన్నాడు. తమ్ముడు ఉంటే కొడుకుకు రాజ్యం దక్కదని ఆయన భయం.

అందుకని మంత్రిని పిలిచాడు. తమ్ముడి కళ్ళు పీకించి తెచ్చి చూపించమన్నాడు. అప్పట్లో కళ్ళు లేనివాడు రాజు కాకూడదు.

తిమ్మరుసు ఏం చేశాడు? కృష్ణరాయలిని గుర్రాల సాలకు తీసుకుపోయాడు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ కుర్రవాడు తనకు రాజ్యమే వద్దన్నాడంట. జోగిగా మారి దేశం మీద పోతానన్నాడంట. తిమ్మరుసు అతన్ని దాచిపెట్టాడు. ఒక మేక కళ్ళు తీయించి, వాటిని తీసుకుపోయి రాజుకు చూపించాడు. రాజు నమ్మాడు. తృప్తిగా కన్ను మూశాడు. తిమ్మరుసు కృష్ణరాయలిని బయటికి తెచ్చి సింహాసనం ఎక్కించాడు.

ఈ కథను నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసిపెట్టాడు. పోర్చుగీసు వాళ్ళను మన పెద్దలు బుడతకీచులు అనేవారు. నూనిజ్ గుర్రాలు అమ్ముకోవడానికి విజయనగరం వచ్చాడు. 1535 ప్రాంతంలో అక్కడ ఉన్నాడు. ఆ ఊరివాళ్ళు చెప్పుకునే మాటలు విని రాశాడు.

మరి ఆ ఎనిమిదేళ్ళ పసివాడు ఏమయ్యాడు? అది కూడా నూనిజ్ రాశాడు. కొత్త రాజు ఆ పిల్లవాడిని, తన ముగ్గురు తమ్ముళ్ళను ఒక కోటలో పెట్టించాడంట. ఆ కోట ఏది? మన చంద్రగిరి కోటే! ఆ పిల్లవాడు చనిపోయేదాకా అక్కడే ఉన్నాడని నూనిజ్ రాశాడు.

చూశారా! ఒకరి కళ్ళు నిలిచాయి. ఇంకొక పసివాడి బతుకు నాలుగు గోడల మధ్య గడిచింది. రాజుల ఇళ్ళలో పిలకాయలకు కూడా నెమ్మది ఉండేది కాదు.

3. చెంపదెబ్బ

ఇది రాసి ఉన్న సంగతి కాదు. జనం చెప్పుకునే కథ. మన అవ్వలు, తాతలు చెప్పిన కథ.

పట్టాభిషేకం రోజు వచ్చింది. మంత్రి అప్పాజీ రాయలిని పక్క గదిలోకి పిలిచాడు. ఏమీ చెప్పకుండా చెంప మీద గట్టిగా ఒక్కటి కొట్టాడు. రాయలు నిర్ఘాంతపోయాడు. తాను చేసిన తప్పేమిటని అడిగాడు.

అప్పాజీ ఇలా చెప్పాడంట. ఇక కాసేపటికి నువ్వు రాజువి. ఆ తర్వాత నిన్ను కొట్టేవాళ్ళు లోకంలో ఉండరు. నువ్వు మాత్రం చాలామందికి శిక్షలు వేస్తావు. తప్పు చేయకుండా దెబ్బ తింటే ఎంత నొప్పిగా ఉంటుందో నీకు తెలియాలి. శిక్ష వేసే ప్రతిసారీ ఈ నొప్పి గుర్తుకు రావాలి.

ఈ కథను గుర్తు పెట్టుకోండి. పాఠం చివర మళ్ళీ దీనితో పని ఉంది.

4. యుద్ధం అంటే తిండి లెక్క

రాయలు రాజయ్యేనాటికి తూర్పున చాలా కోటలు ఒరిస్సా రాజు చేతిలో ఉన్నాయి. ఆయన పేరు ప్రతాపరుద్ర గజపతి. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి ఆయనదే. గుంటూరు దగ్గరి కొండవీడు ఆయనదే. రాయలు, తిమ్మరుసు ఆ కోటల మీదికి దండు కదిలించారు.

మొదట 1513లో ఉదయగిరిని ముట్టడించారు. ముట్టడి అంటే కోట చుట్టూ దండు దిగడం. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. బయటి నుంచి గింజ కూడా లోపలికి పోకూడదు. ఉదయగిరి ఎత్తయిన కొండ మీద ఉంది. కొండ ఎక్కడానికి దారులు ఇరుకు. మనుషులు గుంపుగా పోవడానికి కుదరదు. రాయలి మనుషులు బండలు పగలగొట్టి దారులు వెడల్పు చేశారు. ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట లొంగింది. గజపతికి దగ్గరి బంధువు ఒకడు పట్టుబడ్డాడు.

ఉదయగిరికి 34 వేల మంది కాల్బలం, 800 ఏనుగులు కదిలాయని నూనిజ్ రాశాడు. ఈ లెక్క వినగానే మగవాళ్ళు కత్తులు, ఈటెలు తలుచుకుంటారు. మనం ఆడవాళ్ళం. మనకు మొదట పొయ్యి గుర్తుకొస్తుంది. ఇంతమందికి అన్నం ఎక్కడిది?

మనమే ఒక లెక్క వేద్దాం. ఒక మనిషికి రోజుకు అర కిలో గింజలు అనుకుందాం. బియ్యమో, రాగులో, జొన్నలో ఏదైనా సరే.

34,000 మందికి రోజుకు 17,000 కిలోలు.
50 కిలోల మూటలైతే రోజుకు 340 మూటలు.
ఏడాదిన్నర అంటే సుమారు 540 రోజులు.
540 రోజులకు 1,83,600 మూటలు.

ఏనుగుల మేత ఇందులో కలపలేదు. గుర్రాల మేత కలపలేదు. కట్టెలు, నీళ్ళు కలపలేదు. ఈ గింజలన్నీ ఎక్కడో ఒక రైతు కయ్యలో పండాలి. ఎవరో ఒక ఆడమనిషి నాటు వేయాలి, కలుపు తీయాలి, కోత కోయాలి. తర్వాత ఎద్దుల మీద, బండ్ల మీద దండు దగ్గరికి చేరాలి. ఒక్క పది రోజులు గింజలు రాకపోతే కోట గెలవడం అటుంచి, దండే చెల్లాచెదురైపోతుంది.

అందుకే పెద్ద మంత్రి పని కత్తి తిప్పడం ఒక్కటే కాదు. ఏ సీమలో ఎంత పన్ను వస్తుంది, ఏ దారిలో నీళ్ళు దొరుకుతాయి, ఎవరిని నమ్మి ఎక్కడ పెట్టాలి అని చూసుకోవాలి. ఇంట్లో పెళ్ళి జరిపించిన ఆడమనిషికి ఈ పని సగం తెలుసు. తిమ్మరుసు ఆ పనిని రాజ్యమంత పెద్దదిగా చేశాడు.

1515 జూన్‌లో కొండవీడు కోట పట్టుబడింది. కొండవీడు పట్టినవాడు తిమ్మరుసు అని శాసనాల్లో ఉంది. అక్కడ గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. ఆ సీమ పెత్తనం రాయలు తిమ్మరుసుకే అప్పగించాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి అక్కడ ఉండి పాలన చూశాడు.

తర్వాత కొండపల్లి కోట కూడా రాయలి వశమైంది. అక్కడ గజపతి భార్య పట్టుబడిందని నూనిజ్ రాశాడు. చివరికి రెండు రాజ్యాలకూ సంధి కుదిరింది. గజపతి తన కూతురిని రాయలికి ఇచ్చి పెళ్ళి చేశాడు. కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిన భూమిని రాయలు గజపతికి తిరిగి ఇచ్చేశాడు. యుద్ధం మగవాళ్ళు మొదలుపెట్టారు. బందీగా పోయినవాళ్ళలో, సంధి కోసం పెళ్ళి పీట మీద కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు.

5. రాతి మీద రాత

ఉదయగిరి గెలిచాక రాయలు నేరుగా తిరుమలకు వచ్చాడు. అది 1514 జూలై నెల. స్వామికి 30 వేల బంగారు నాణేలతో అభిషేకం చేయించాడు. రాయలు తిరుమలకు మొత్తం ఏడుసార్లు వచ్చాడు. మొదటిసారి 1513 ఫిబ్రవరి 10న వచ్చాడు. అప్పుడు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి కూడా వెంట ఉన్నారు. వాళ్ళిద్దరూ స్వామికి బంగారు గిన్నెలు ఇచ్చారు.

ఐదు వందల ఏళ్ళ కిందటి ఈ సంగతులు మనకు ఎలా తెలిశాయి? గుడి గోడల మీద చెక్కించారు కాబట్టి తెలిశాయి. ఇలా రాతి మీదగానీ, రాగి రేకుల మీదగానీ చెక్కించిన దాన్ని శాసనం అంటారు. ఎవరు ఇచ్చారు, ఏ రోజు ఇచ్చారు, ఎంత ఇచ్చారు అని అందులో ఉంటుంది. ఆ రాణులు ఇచ్చిన గిన్నెల సంగతి కూడా రాతి మీద ఉంది. అందుకే వాళ్ళ పేర్లు పోలేదు.

తిరుమల గుడిలోకి పోయేటప్పుడు కుడివైపు చూడండి. రాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడిన లోహపు విగ్రహాలు కనిపిస్తాయి.

శ్రీకాళహస్తిలో కూడా రాయలు 1516లో పెద్ద గాలిగోపురం కట్టించాడు. అది 2010 మే 26న కూలిపోయింది. దాని చోట కొత్త గోపురం కట్టారు. రాయి కూడా ఒకరోజు కూలుతుంది. కానీ అది ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు అనే రాత మిగిలింది. కాబట్టే మనం ఈ రోజు ఆ మాట చెప్పుకోగలుగుతున్నాం.

తిమ్మరుసు కూడా చదువుకున్న మనిషే. సంస్కృతంలో ఉన్న బాలభారతం అనే కావ్యానికి ఆయన వ్యాఖ్యానం రాశాడు. వ్యాఖ్యానం అంటే కష్టమైన మాటలకు అర్థం విడమరిచి చెప్పడం.

1520 ప్రాంతంలో పేస్ అనే ఇంకొక పోర్చుగీసు మనిషి విజయనగరం చూశాడు. రాజుకు అందరికన్నా దగ్గరివాడు ఒక ముసలాయన అని, ఆయన పేరు తిమ్మరుసు అని రాశాడు. రాజు ఇంటి పెత్తనమంతా ఆయనదే. పెద్ద పెద్ద దొరలు రాజు ముందు ఎలా నడుచుకుంటారో, ఆయన ముందు కూడా అలాగే నడుచుకునేవారు.

6. మూడు బొమ్మలు

రాయలు – అప్పాజీ కథలు మన తెలుగు పల్లెల్లో చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఇది.

ఒక పరాయి రాజు రాయలి కొలువుకు మూడు బొమ్మలు పంపాడు. మూడూ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే రూపు. వీటిలో ఏది మేలైనదో, ఏది మధ్యరకమో, ఏది పనికిరానిదో చెప్పమన్నాడు. కొలువులో ఎవరికీ తేడా తెలియలేదు.

అప్పాజీ బొమ్మలను తిప్పి తిప్పి చూశాడు. ప్రతి బొమ్మ చెవిలో సన్నటి రంధ్రం ఉంది. ఆయన ఒక సన్నటి తీగ తెప్పించాడు. మొదటి బొమ్మ చెవిలో తీగ దూర్చాడు. అది రెండో చెవిలోంచి బయటికి వచ్చింది. రెండో బొమ్మ చెవిలో దూర్చాడు. అది నోట్లోంచి వచ్చింది. మూడో బొమ్మ చెవిలో దూర్చాడు. తీగ లోపలికి పోయింది. బయటికి రాలేదు.

అప్పుడు అప్పాజీ విడమరిచి చెప్పాడు. విన్న మంచి మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు పనికిరానివాడు. విన్నది విన్నట్టు నోటితో ఊరంతా చాటేవాడు కూడా మేలైనవాడు కాడు. విన్నదాన్ని కడుపులో పెట్టుకుని, ఆలోచించి, అవసరమైనప్పుడే మాట్లాడేవాడు మేలైనవాడు.

మన ఊళ్ళో కూడా ఈ మూడు బొమ్మలు ఉన్నాయా? కుళాయి దగ్గర, బస్సులో, సంఘం మీటింగులో ఎవరెవరు ఏ బొమ్మో మీకే తెలుసు. మనం ఏ బొమ్మో కూడా ఒకసారి చూసుకోవాలి.

7. చైనాలో ఒక మంత్రి

ఇలాంటి మంత్రులు వేరే దేశాల్లో కూడా ఉన్నారు. చైనా దేశంలో జూగె లియాంగ్ అనే మంత్రి ఉండేవాడు. ఆయన 181లో పుట్టి 234లో చనిపోయాడు. అంటే తిమ్మరుసుకు పదమూడు వందల ఏళ్ళ ముందటివాడు.

ఆయన మొదట పల్లెలో సేద్యం చేసుకుంటూ చదువుకునేవాడు. లియు బెయ్ అనే నాయకుడు ఆయన గుడిసెకు మూడుసార్లు వెళ్ళి, తనకు తోడుగా రమ్మని అడిగాడంటారు. లియు బెయ్ తర్వాత రాజయ్యాడు. 223లో చనిపోయే ముందు తన కొడుకును జూగె లియాంగ్ చేతిలో పెట్టాడు. నా కొడుకు రాజ్యానికి తగడు అనిపిస్తే నువ్వే రాజువి కమ్మని కూడా చెప్పాడంట. కానీ జూగె లియాంగ్ సింహాసనం ఎక్కలేదు. చనిపోయేదాకా ఆ పిల్లవాడికి మంత్రిగానే ఉన్నాడు.

ఆయనకు కూడా తిండి లెక్కే పెద్ద చిక్కు. కొండదారుల్లో దండుకు గింజలు మోయడానికి వేరే రకం బండ్లు చేయించాడు. చివరి యుద్ధంలో తన సిపాయిల చేత అక్కడి భూమి దున్నించి పంట పండించాడు. ఆ దండు విడిదిలోనే జబ్బుపడి చనిపోయాడు.

ఆయన తన ఆస్తి లెక్కను రాజుకు ముందే రాసి ఇచ్చాడు. 800 మల్బరీ చెట్లు, కొంత సేద్యపు భూమి. అంతే. అంతకు మించి తన దగ్గర ఉండదని చెప్పాడు. మల్బరీ మనకు తెలిసిన చెట్టే గదా! పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులకు ఆ ఆకే మేపుతారు. పెద్ద పదవిలో ఉన్న మనిషి తన ఆస్తిని నలుగురికీ తెలిసేలా రాసి పెట్టాడు. అది మంచి పని. లెక్క తెరిచి ఉంటే అనుమానానికి చోటు తక్కువ.

8. ఒక పసివాడి చావు

ఇప్పుడు మళ్ళీ మన తిమ్మరుసు దగ్గరికి వద్దాం.

రాయలికి తిరుమలరాయలు అనే కొడుకు ఉన్నాడు. 1524లో ఆ పిల్లవాడికి ఆరేళ్ళు. రాయలు తాను బతికుండగానే కొడుకుకు పట్టం కట్టాడు. చాలా నెలలు పండుగలు జరిగాయి. అంతలోనే పిల్లవాడికి జబ్బు చేసింది. చనిపోయాడు.

రాయలి దుఃఖానికి హద్దు లేదు. ఆ సమయంలో ఒక మాట ఆయన చెవిన పడింది. పిల్లవాడికి విషం పెట్టారనీ, పెట్టింది తిమ్మరుసు కొడుకనీ ఆ మాట.

రాయలు ఆ మాట నమ్మాడు. నిండు కొలువులో తిమ్మరుసును నిలదీశాడు. తనను సింహాసనం ఎక్కించిన ఆ ముసలాయనను, ఆయన కొడుకులను చెరసాలలో వేయించాడు. ఒక కొడుకు తప్పించుకుని పోయి తిరగబడ్డాడు. మళ్ళీ పట్టుబడ్డాడు. చివరికి తండ్రి కళ్ళు, కొడుకుల కళ్ళు తీయించారు. ఇదంతా నూనిజ్ రాసినదే.

ఒకప్పుడు మేక కళ్ళు చూపించి రాయలి కళ్ళు కాపాడిన మనిషి తిమ్మరుసు. అదే రాయలి ఆజ్ఞతో తన కళ్ళు పోగొట్టుకున్నాడు.

రాయలు 1529లో చనిపోయాడు. ఆయన తర్వాత రాజయినవాడు అచ్యుతరాయలు. ఆయన చంద్రగిరి కోటలో ఉంచిన తమ్ముళ్ళలో ఒకడు. ఆయనకు తిరుమలలో, శ్రీకాళహస్తిలో కూడా పట్టాభిషేకం జరిగింది. ఏ కోటలో బందీగా ఉన్నాడో ఆ కోట నుంచే రాజుగా బయటికి వచ్చాడు.

పెనుకొండలో తిమ్మరుసు చెరసాల అనీ, తిమ్మరుసు సమాధి అనీ జనం చూపిస్తారు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' అనే సినిమా వచ్చింది. అందులో గుమ్మడి తిమ్మరుసుగా, ఎన్.టి.రామారావు రాయలుగా నటించారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ సినిమా చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఉంటారు.

9. ఎవరు చూశారు? ఎవరు విచారించారు?

ఇక్కడ కాసేపు ఆగుదాం.

పిల్లవాడు చనిపోయాడు. అది నిజం. విషం పెట్టారు అన్నది ఒక మాట. ఆ మాట తెచ్చింది ఎవరు? విషం పెట్టగా చూసింది ఎవరు? ఏ వైద్యుడు పరీక్ష చేశాడు? తిమ్మరుసు చెప్పుకున్నదాన్ని పక్షపాతం లేకుండా విన్నది ఎవరు? కొడుకు తప్పే చేశాడనుకుందాం. తండ్రికి శిక్ష ఎందుకు?

ఆ రోజుల్లో పసిపిల్లలు జ్వరాలతో, విరేచనాలతో, అమ్మవారితో చాలామంది చనిపోయేవారు. టీకాలు లేవు. రాజు కొడుకైనా ఒకటే, కూలివాడి కొడుకైనా ఒకటే. జబ్బుతోనే చనిపోయి ఉండవచ్చు. విషమే కావచ్చు. తేల్చేది విచారణ ఒక్కటే. కోపం తేల్చలేదు.

అప్పాజీ కొట్టిన చెంపదెబ్బ కథ గుర్తుందా? శిక్ష వేసేటప్పుడు ఆ నొప్పి గుర్తుకు రావాలని కొట్టాడు. మూడు బొమ్మల కథ గుర్తుందా? విన్న మాటను కడుపులో పెట్టుకుని ఆలోచించమన్నాడు. ఈ కథలు చెప్పుకున్న మన పెద్దలు చిన్నవాళ్ళు కారు. చివరికి ఏం జరిగిందో తెలిసే, ఈ రెండు కథలనూ నూరేళ్ళు నూరేళ్ళు మోసుకొచ్చారేమో అనిపిస్తుంది.

రాయలు చెడ్డరాజు కాదు. గొప్ప రాజు. ఆముక్తమాల్యద అనే కావ్యం రాసిన పండితుడు. రాజు ఎలా పాలించాలో కూడా అందులో రాశాడు. అంత తెలిసినవాడు కూడా కడుపుకోతలో చెప్పుడు మాట నమ్మాడు. మరి మనలాంటి వాళ్ళం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

10. ఇది మన ఊరి సంగతి కూడా

ఇది రాజుల కథే అనుకోవద్దు.

ఊళ్ళో ఒక బిడ్డ ఉన్నట్టుండి చనిపోతుంది. తల్లి గుండె పగిలి ఏడుస్తుంటుంది. అంతలో ఎవరో ఒక మాట అంటారు. ఫలానా ముసలామె చూపు మంచిది కాదని, ఆమె చేతబడి చేసిందని అంటారు. ఆ మాట ఒక చెవి నుంచి ఇంకొక చెవికి పోతుంది. సాయంత్రానికి ఊరంతా నమ్ముతుంది. ఆమెను కుళాయి దగ్గరికి రానివ్వరు. పిలకాయలను ఆమె ఇంటి ముందు ఆడుకోనివ్వరు. ఒక్కోసారి కొడతారు. ఆ మాట పడేది ఎక్కువగా ఎవరి మీద? మొగుడు లేని ఆమె మీద. బలగం లేని ఆమె మీద. కొంచెం భూమి ఉండి, అడిగేవాళ్ళు లేని ఆమె మీద.

చేతబడి వల్ల ఎవరూ చావరు. బిడ్డకు జ్వరం వచ్చిందా? విరేచనాలు అయ్యాయా? పాము కరిచిందా? ఇవి అడగాలి. ఆశా కార్యకర్తను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును అడగండి. చావు మీద అనుమానం ఉంటే పోలీసులకు చెప్పండి. శవపరీక్ష చేస్తారు. కారణం కాగితం మీద రాస్తారు. ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదవండి.

తిమ్మరుసు కాలంలో రాజు మాటే చట్టం. ఇప్పుడు అలా కాదు. 1950 జనవరి 26 నుంచి మన రాజ్యాంగం అమలులో ఉంది. చట్టప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ తీసుకోకూడదని అందులో ఉంది. నేరం మోపిన మనిషి తన మాట చెప్పుకోవచ్చు. వకీలును పెట్టుకోవచ్చు. వకీలుకు డబ్బు లేదా? ఆడవాళ్ళకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. మీ ఆదాయం ఎంత అని చూడరు. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి అడగాలి. ఫోను నంబరు 15100. ఆపదలో ఉన్న ఆడవాళ్ళకు ఇంకొక నంబరు 181. ఈ రెండు నంబర్లూ మీ ఇంటి గోడ మీద రాసుకోండి.

ఈసారి ఎవరి మీదైనా ఒక మాట మీ చెవిన పడితే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఎవరు చూశారు?
ఎవరు చెప్పారు?
ఆ మనిషి ఏమంటున్నారు?
కాగితం మీద ఏముంది?

నాలుగింటికీ జవాబు దొరికేదాకా ఆ మాటను మూడో బొమ్మలాగా లోపలే ఉంచండి.

కొత్త పదాలు

ముట్టడి – కోట చుట్టూ దండు దిగి దారులు మూసేయడం
సంధి – పోట్లాట మాని ఒప్పందం చేసుకోవడం
శాసనం – రాతి మీద, రాగి రేకు మీద చెక్కించిన రాత
వ్యాఖ్యానం – కష్టమైన మాటలకు అర్థం విడమరిచి చెప్పడం
విచారణ – నిజం తేల్చడానికి అందరినీ అడిగి చూడడం
పట్టాభిషేకం – రాజుకు పట్టం కట్టే వేడుక

చెప్పండి

1. కృష్ణదేవరాయలు తిమ్మరుసును ఏమని పిలిచేవాడు?
2. చంద్రగిరి కోటలో ఎవరెవరిని బందీలుగా ఉంచారు?
3. ఉదయగిరి ముట్టడి ఎంత కాలం జరిగింది?
4. మూడు బొమ్మల్లో ఏది మేలైనది? ఎందుకు?

మాట్లాడుకోండి

1. రాజు ఆజ్ఞను తిమ్మరుసు దాటాడు. మేక కళ్ళు చూపించాడు. అది తప్పా, ఒప్పా? ఇద్దరు తప్పని, ఇద్దరు ఒప్పని వాదించండి.
2. కొడుకు తప్పు చేస్తే తండ్రికి శిక్ష వేయవచ్చా? మొగుడు చేసిన అప్పుకు భార్యను తిట్టవచ్చా?
3. మీ ఊళ్ళో చెప్పుడు మాట వల్ల ఎవరైనా నష్టపోయారా? పేర్లు చెప్పకుండా సంగతి మాత్రం చెప్పండి.

లెక్క వేయండి

మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? ఒక్కొక్కరికి పూటకు పావు కిలో బియ్యం అనుకోండి. రెండు పూటలకు మొత్తం ఎన్ని కిలోలు కావాలి? కిలో ధర మీ ఊరి అంగట్లో అడిగి, ఎంత డబ్బు అవుతుందో రాయండి.

రాయండి

మీ ఊరి గుడి గోడ మీద, చెరువు తూము దగ్గర, పాత బావి దగ్గర ఏదైనా రాత చెక్కి ఉందేమో చూసి రండి. తెలుగులో ఉంటే కూడబలుక్కుని చదవండి. తేదీ, పేర్లు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత మీ అవ్వ దగ్గర విన్న ఒక అప్పాజీ కథను మీ మాటల్లోనే పది వరుసలు రాయండి. కింద మీ సంతకం, తేదీ వేయండి.